రెండు తలుపుల కారే ఎందుకు? కూపేల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కూపే కొంటానని ఎవరైనా అనగానే చుట్టూ ఉన్నవాళ్లు ముందు అడిగేది ఒకటే: అంతే డబ్బుకి నాలుగు తలుపుల కారు వస్తుంటే ఇదెందుకు? అడగాల్సిన ప్రశ్నే. "చూడ్డానికి బాగుంటుంది" అని ఒక్క ముక్కలో చెప్పేస్తే సరిపోదు, అది పూర్తి నిజం కూడా కాదు. కూపేలంటే ఇష్టమున్నవాళ్లు వాటిలో ఏం చూసి ఇష్టపడతారో, ఆ ఇష్టం కోసం ఏమేం వదులుకోవాల్సి వస్తుందో ఇక్కడ వివరంగా రాశాను.

రెండు తలుపులున్న ప్రతి కారూ కూపేనా?

కాదు. అమెరికాలో మొదలైన ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ దీనికి ఒక కొలత పెట్టింది. కారు లోపల వెనక భాగంలో ఉన్న చోటు 33 ఘనపుటడుగుల కన్నా తక్కువైతే కూపే, 33 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే సెడాన్. లీటర్లలో దాదాపు 934. ఈ లెక్కలో తలుపుల ఊసే లేదు.

1960ల చివర్లో పేరు తెచ్చుకున్న బీఎండబ్ల్యూ 2002నే తీసుకోండి. దానికి రెండే తలుపులు. కానీ పైకప్పు సెడాన్‌లాగే ఎత్తుగా ఉంటుంది, వెనక పెద్దవాళ్లు మామూలుగా కూర్చోవచ్చు. అందుకే దాన్ని రెండు తలుపుల సెడాన్ అంటారు. వాడుకలో కూపే అంటే పైకప్పు ముందు సీట్లు దాటగానే కిందికి వాలిపోయే కారు: పక్కకో పొడవాటి తలుపు, వెనక ఇరుకు సీటు, కొన్నింట్లో అదీ ఉండదు. కింద కూపే అని రాసిన చోటల్లా ఈ అర్థంలోనే తీసుకోండి.

నాలుగు తలుపుల సౌకర్యం వదులుకోవడానికి అసలు కారణం ఏంటి?

ఎవరికోసం తయారైన కారు అన్నదే అసలు కారణం.

సెడాన్ గీసే డిజైనర్‌ని వెనక సీటు కట్టిపడేస్తుంది. అక్కడ కూర్చునే మనిషి తల పైకప్పుకి తగలకూడదు. మోకాళ్లు ముందు సీటుకి ఆనకూడదు. తలుపు తీస్తే కాలు సులువుగా బయట పెట్టగలగాలి. అందుకని పైకప్పు వెనక సీటు దాటేదాకా ఎత్తుగానే సాగాలి, వెనక తలుపు చక్రానికి అడ్డం రాకుండా ఎక్కడో చోట ఇరికించాలి. ఇవన్నీ న్యాయమైన అవసరాలే. కానీ వీటన్నిటికీ ముందు సీట్లో ఉన్న మనిషి కొంత సర్దుకోవాల్సి వస్తుంది.

కూపేలో ఆ షరతులు సడలిపోతాయి. పైకప్పు అన్నిటికన్నా ఎత్తుగా ఉండే చోటు డ్రైవర్ తల మీదే ఉంటుంది, అక్కడినుంచి వెనక్కి వాలుతుంది. సీటు ఇంకాస్త కిందికి దించవచ్చు. కాళ్లు ముందుకి చాచి కూర్చునే భంగిమ కుదురుతుంది. మధ్య స్తంభం, అంటే బీ-పిల్లర్, డ్రైవర్ భుజం పక్కన కాకుండా బాగా వెనక్కి వెళ్తుంది. మంచి కూపేలో కూర్చోగానే ఈ కారు నాకోసం చేసినట్టుందే అనిపించడానికి ఇవే కారణాలు. ఈ మాట నేను పొగడ్తగా అనడం లేదు, అది కొలతల్లో కనిపించే తేడా.

చరిత్రలో కూడా దీనికి ఆధారముంది. 1930లు, 40లలో అమెరికాలో 'బిజినెస్ కూపే' అని చవక రకం కార్లు ఉండేవి. ఊరూరా తిరిగి సరుకు అమ్మే ఉద్యోగులే వాటిని ఎక్కువగా కొనేవాళ్లు. తిరిగేది ఒక్క మనిషి కాబట్టి వెనక సీటు తీసేసి, ఆ చోటు శాంపిళ్లు పెట్టుకోవడానికి ఇచ్చేవారు. కూపే పుట్టుకతోనే సంపన్నుల కారు అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఒంటరిగా తిరిగే మనిషికి మూడు ఖాళీ సీట్లు మోసుకెళ్లే కారు ఎందుకన్న ఆలోచన ఇవాళా అంతే సరైనది.

సెడాన్ కన్నా కూపే నిజంగా వేగంగా వెళ్తుందా?

ఇంజిన్ ఒకటే అయితే చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ఒకే మోడల్‌లో రెండు రకాలూ ఉన్నప్పుడు బరువులో తేడా మహా అయితే కొన్ని పదుల కిలోలు. ఒక్కోసారి అదీ ఉండదు. నాలుగు తలుపుల బీఎండబ్ల్యూ ఎం5 లాంటివి చాలా కూపేలని సునాయాసంగా వెనక్కి నెట్టేస్తాయి.

ఒకప్పుడు మాత్రం ఈ తేడా గట్టిగానే ఉండేది. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ పేరు వినగానే అందరికీ కూపే గుర్తొస్తుంది గానీ, 1969లో వచ్చిన మొట్టమొదటి జీటీ-ఆర్ నాలుగు తలుపుల సెడాన్. మరుసటి ఏడాదే రెండు తలుపుల రూపం తెచ్చారు. అందులో వీల్‌బేస్‌ని, అంటే ముందు చక్రానికి వెనక చక్రానికి మధ్య దూరాన్ని, 70 మిల్లీమీటర్లు తగ్గించారు. 2640 కాస్తా 2570 అయింది, బరువు కూడా కొంచెం తగ్గింది. వీల్‌బేస్ తక్కువైతే కారు మలుపులోకి చురుగ్గా తిరుగుతుంది. రేసుల్లో గెలవడం కోసం చేసిన మార్పు అది, ఫలితం కూడా బాగానే వచ్చింది.

ఈ రోజుల్లో చాలా కంపెనీలు కూపేనీ సెడాన్‌నీ ఒకే ప్లాట్‌ఫామ్ (కారు కింది ఆధార నిర్మాణం) మీద, అదే వీల్‌బేస్‌తో తయారుచేస్తున్నాయి. కాబట్టి వేగం కోసమే కూపే తీసుకుంటానంటే నేను వద్దనే చెప్తాను. బ్రోషర్‌లో రెండింటి అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది.

మరి నడిపేటప్పుడు తేడా ఎక్కడ తెలుస్తుంది?

ముఖ్యంగా రెండు చోట్ల.

మొదటిది ఎత్తు. కూపే పైకప్పు తక్కువ ఎత్తులో ఉంటుంది, సీట్లు కూడా కిందికి ఉంటాయి. దాంతో కారు గరిమనాభి, అంటే బరువంతా ఒకచోట ఉన్నట్టు లెక్కేసే బిందువు, కొంచెం కిందికి దిగుతుంది, మలుపులో పక్కకి ఒరగడం తగ్గుతుంది. పైకప్పు మీద తగ్గించే ఒక్కో కిలోకి ఎంత విలువుందో బీఎండబ్ల్యూ చేసిన పని చూస్తే అర్థమవుతుంది. 2003లో ఎం3 సీఎస్ఎల్ అనే ప్రత్యేక మోడల్‌కి కార్బన్ ఫైబర్ పైకప్పు పెట్టారు. 2007లో వచ్చిన తర్వాతి తరం ఎం3 కూపేకి కూడా అదే ఇచ్చారు. ఆ తరం ఎం3 సెడాన్‌కి మాత్రం ఉక్కు పైకప్పే ఉంచారు. తగ్గేది కొద్ది కిలోలే అయినా, తగ్గేది కారులో అన్నిటికన్నా పైన కాబట్టి ఫలితం ఉంటుంది.

రెండోది బాడీ గట్టిదనం. కారు బాడీకి పెట్టే ప్రతి తలుపూ ఒక పెద్ద రంధ్రమే. రంధ్రాలు తగ్గితే, మిగతావన్నీ సమానమైనప్పుడు, మెలితిప్పే ఒత్తిడికి బాడీ తక్కువ వంగుతుంది. అప్పుడు సస్పెన్షన్ తన పని తాను కచ్చితంగా చేసుకోగలుగుతుంది. ఇప్పటి సెడాన్లలో గట్టి ఉక్కు, మంచి జిగురు అతుకులు వాడటం వల్ల ఈ తేడా బాగా తగ్గింది. పాత కార్లు నడిపినవాళ్లకి మాత్రం గతుకుల రోడ్డు మీద ఇట్టే తెలిసేది.

2012లో వచ్చిన టయోటా 86, సుబారు బీఆర్‌జడ్ జంటని ఈ విషయంలో నేను ప్రత్యేకంగా మెచ్చుకుంటాను. పెద్ద శక్తి ఏమీ లేదు, 2 లీటర్ల ఇంజిన్. కానీ సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉండే బాక్సర్ ఇంజిన్ కావడంతో అది చాలా కిందికి కూర్చుంటుంది, డ్రైవర్ సీటు కూడా అంతే. మామూలు వేగంలోనే స్టీరింగ్ పట్టుకున్నవాళ్లకి ఆనందం ఇచ్చే కారు. కూపే అంటే ఏమిటో అర్థం కావాలంటే ఖరీదైన కార్ల కన్నా ముందు దీన్ని నడిపి చూడమంటాను.

వాలు పైకప్పు వల్ల మైలేజీ పెరుగుతుందా?

గాలిని చీల్చుకుపోవడంలో పైకప్పు వాలుకి పాత్ర ఉంది, తలుపుల సంఖ్యకి లేదు. 2013లో మెర్సిడెస్ సీఎల్ఏ గాలి నిరోధక గుణకం 0.23తో వచ్చింది (ఈ అంకె ఎంత తక్కువైతే గాలి అంత తక్కువగా అడ్డుకుంటుంది). అది నాలుగు తలుపుల కారు. కూపే అనగానే పెట్రోలు ఆదా అవుతుందని లెక్కేసుకోవద్దు.

తలుపులు అంత పొడవుగా ఎందుకుంటాయి? దానివల్ల లాభమా, ఇబ్బందా?

రెండూ. వెనక సీట్లోకి వెళ్లేవాళ్లకి కూడా అదే దారి కాబట్టి తలుపు పొడవు పెరుగుతుంది. దీనివల్ల ఎక్కువ లాభపడేది పొడుగు మనుషులు. సెడాన్‌లో పొడుగాటి డ్రైవర్ సీటు బాగా వెనక్కి జరుపుకుంటే బీ-పిల్లర్ సరిగ్గా చెవి పక్కకి వస్తుంది. ఎక్కేటప్పుడు భుజం తగులుతుంది, పక్కకి చూస్తే స్తంభమే కనిపిస్తుంది. కూపేలో ఆ బాధ లేదు. కాకపోతే పైకప్పు తలకి తగులుతుందేమో షోరూమ్‌లోనే కూర్చుని చూసుకోవాలి.

కొన్ని కూపేల్లో పక్క అద్దాలకి పైన ఫ్రేమ్ ఉండదు. తలుపు తీయగానే అద్దం కొంచెం కిందికి దిగి, వేయగానే మళ్లీ పైకి వెళ్లి రబ్బరులో సర్దుకుంటుంది. మెర్సిడెస్ చాలాకాలం ఇంకో అడుగు ముందుకేసి, బీ-పిల్లర్ పైభాగమే లేని కూపేలు చేసింది. నాలుగు అద్దాలూ దించితే ముందునుంచి వెనకదాకా అడ్డం లేకుండా తెరుచుకుంటుంది. కార్లలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయాల్లో ఇదొకటి.

ఇక ఇబ్బందులు. తలుపు బరువెక్కువ, ఏటవాలు చోట ఆపితే తీయడం వేయడం కష్టం. ఏళ్లు గడిచేకొద్దీ కీళ్ల మీద భారం పడి తలుపు కొంచెం కిందికి జారవచ్చు. పాత కూపే కొనేవాళ్లు తలుపు సగం తీసి పైకి ఎత్తి చూడాలి, ఆడుతుంటే కీళ్లు అరిగినట్టే. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది పార్కింగ్. పక్క కారు దగ్గరగా ఉంటే తలుపు పూర్తిగా తెరుచుకోదు, సందులోంచి దూరాల్సి వస్తుంది. రోల్స్-రాయిస్ స్పెక్టర్ తలుపు పొడవు దాదాపు 1.5 మీటర్లు. అంత తలుపుకి ఎంత ఖాళీ కావాలో ఊహించుకోండి.

సీటు బెల్టు కూడా వెనక్కి పోతుంది, అందుకోవడానికి మెలి తిరగాలి. అందుకే బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ కూపేల్లో బెల్టుని భుజం దగ్గరికి తెచ్చి అందించే చిన్న చెయ్యి ఉంటుంది.

వెనక సీట్లో మనుషులు కూర్చోగలరా?

కారుని బట్టి ఉంటుంది. పోర్షె 911లో వెనక సీట్లు పిల్లలకి సరిపోతాయి, పెద్దవాళ్లకి కాదు. చాలామంది యజమానులు వాటిని బ్యాగులు, కోట్లు పెట్టుకోవడానికే వాడతారు. బెంట్లీ కాంటినెంటల్ జీటీ లాంటి పెద్ద కూపేల్లో పెద్దవాళ్లు కొంతదూరం ప్రయాణం చేయగలరు. ఎక్కడం దిగడం మాత్రం అన్నింట్లోనూ శ్రమే. వయసు పైబడినవాళ్లని, మోకాళ్ల నొప్పులున్నవాళ్లని వెనక సీట్లోకి వంగి ఎక్కమనడం న్యాయం కాదు. ఇంట్లో అలాంటివాళ్లని తరచుగా తీసుకెళ్లాల్సి ఉంటే సెడాన్ తీసుకోండి, మరో ఆలోచన వద్దు.

చిన్నపిల్లలున్నవాళ్లు కూపే వాడొచ్చా?

పాపాయిల సీటు దశలో ఉన్నవాళ్లకి నేను సలహా ఇవ్వను. వెనక్కి తిరిగి ఉండే సీటుకి చాలా చోటు కావాలి, దాన్ని బిగించడానికి సగం శరీరం లోపలికి దూర్చాలి, పాపని ఎత్తుకుని ప్రతిసారీ అదే పని చేయాలి. నడుం పట్టేస్తుంది. చోటు చాల్లేదని ఆ సీటుని ముందుకి మార్చాలనుకుంటే ఒక్క విషయం తప్పనిసరి: ఆ వైపు ముందు ఎయిర్‌బ్యాగ్ ఆపేసి ఉండాలి. ఆపే ఏర్పాటు లేకపోతే వెనక్కి తిరిగి ఉండే సీటుని ముందు ఎప్పుడూ పెట్టకూడదు, పిల్లల ప్రాణానికే ప్రమాదం. పిల్లలు పెద్దయి తమంతట తామే వెనక్కి ఎక్కి బెల్టు పెట్టుకోగలిగితే ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

ఒకప్పుడు పరిస్థితి దీనికి తలకిందులుగా ఉండేది. వెనక తలుపుల్లేకపోతే పిల్లలు కదులుతున్న కారులో తలుపు తీసే ప్రమాదమే ఉండదని అమెరికాలో చాలామంది తల్లిదండ్రులు కావాలనే రెండు తలుపుల కార్లు కొనేవారు. చైల్డ్ లాక్ మామూలైపోయాక ఆ కారణం పోయింది. 1976లో అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడైన కారు ఓల్డ్స్‌మొబైల్ కట్లాస్. అందులో కట్లాస్ సుప్రీమ్ అనే రకం కూపేలది పెద్ద వాటా. కుటుంబాలు కూపేల్లో తిరిగిన కాలం అది.

సామాన్లకి చోటు సరిపోతుందా?

అనుకున్నదానికన్నా బాగానే ఉంటుంది. డిక్కీ లోతు చాలాసార్లు సెడాన్‌కి దగ్గరగానే ఉంటుంది, మూత తెరుచుకునే వెడల్పే తక్కువ. పెద్ద పెట్టె పట్టేంత చోటు లోపలున్నా అది దూరే దారి ఉండకపోవచ్చు. వెనక సీటు మడతపడే కూపే అయితే ఇంకా నయం. టయోటా 86లో సీటు మడిచి నాలుగు రేసు టైర్లు తీసుకెళ్లొచ్చు. ట్రాక్‌కి వెళ్లేవాళ్లని దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటు అది.

వెనక సరిగ్గా కనిపించదంటారు, నిజమేనా?

నిజమే. పక్కకి బాగా కనిపిస్తుంది, ఎందుకంటే అద్దం పొడవుగా ఉండి స్తంభం వెనక ఉంటుంది. కానీ వెనక మూల స్తంభం లావుగా, వెనక అద్దం సన్నగా ఉంటాయి. లేన్ మారేటప్పుడు తల తిప్పి చూస్తే ఆ లావు స్తంభమే అడ్డొస్తుంది. వెనక చూసుకునే పక్క మిర్రర్లు సరిగ్గా సర్దుకోవడం, బ్లైండ్ స్పాట్ హెచ్చరిక (డ్రైవర్‌కి కనిపించని మూలలో బండి ఉంటే చెప్పేది), వెనక కెమెరా ఉన్న కారు తీసుకోవడం ఇక్కడ విలాసం కాదు, అవసరం.

ఖర్చు ఎక్కువవుతుందా?

సాధారణంగా అవుతుంది. అదే కంపెనీ, అదే ఇంజిన్ అయినా కూపే ధర సెడాన్ కన్నా ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే తక్కువ సంఖ్యలో తయారవుతుంది, తలుపులూ పైకప్పూ వెనక భాగం విడిగా చేయాలి. అదే కారణంతో ప్రమాదం జరిగినప్పుడు తలుపు, అద్దం మార్చే ఖర్చూ పెరుగుతుంది. ఇన్సూరెన్స్ ప్రీమియం తలుపుల లెక్కన పెరగదు. ఆ మోడల్ శక్తి, విడిభాగాల ధర, దాన్ని ఎలాంటివాళ్లు నడుపుతారు, ఎన్ని క్లెయిములు వస్తాయి అన్నవి చూస్తారు. ప్రీమియం ఎంతవుతుందో కొనకముందే కనుక్కోండి.

అమ్మేటప్పుడు కొనేవాళ్లు తక్కువగా దొరుకుతారు, ఓపిక పట్టాలి. బాగా చూసుకున్న, అరుదైన కూపేకి మాత్రం దాన్నే వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఉంటారు.

షోకు కోసమే కొంటారనే మాటకి ఏమంటారు?

అందం ఒక కారణమే, దాన్ని దాచాల్సిన పనిలేదు. రోజూ కళ్లముందు ఉండే వస్తువు అందంగా ఉండాలనుకోవడం తప్పెలా అవుతుంది? పార్క్ చేసి వెళ్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకునే కారున్నవాళ్లు దాన్ని శుభ్రంగా ఉంచుకుంటారు, సర్వీసు సమయానికి చేయిస్తారు, ఎక్కువ కాలం అట్టేపెట్టుకుంటారు.

అందం డబ్బున్నవాళ్లకే పరిమితం కానక్కర్లేదని ఫోర్డ్ మస్టాంగ్ నిరూపించింది. ఫాల్కన్ అనే మామూలు కారు భాగాలని ఆధారం చేసుకుని, పైన పొడవైన బానెట్, పొట్టి వెనక భాగం పెట్టి 1964 ఏప్రిల్‌లో విడుదల చేశారు. రెండేళ్లు తిరిగేలోపే పది లక్షలు అమ్ముడయ్యాయి. కొన్నవాళ్లలో మామూలు ఉద్యోగులు, కుర్రకారు, మహిళలు ఎంతోమంది. ఇంజిన్ చిన్నదైనా వాళ్లకి అభ్యంతరం లేదు.

'నాలుగు తలుపుల కూపే' అని అమ్ముతున్నారు కదా, అది తీసుకుంటే రెండూ దొరికినట్టేనా?

పైకప్పు వాలు దొరుకుతుంది. ఈ ఆలోచన 1962లోనే రోవర్ చేసింది, పీ5 సెడాన్ పైకప్పు తగ్గించి కూపే అని పేరుపెట్టింది. 2004లో మెర్సిడెస్ సీఎల్ఎస్‌తో ఇది పెద్ద ఫ్యాషన్ అయింది, ఆ తర్వాత ఆడి స్పోర్ట్‌బ్యాక్‌లు, బీఎండబ్ల్యూ గ్రాన్ కూపేలు వచ్చాయి. వీటిలో చాలా అందమైనవి ఉన్నాయి. కానీ వెనక కూర్చునేవాళ్ల తలకి చోటు తగ్గుతుంది, ముందు కూర్చునేవాళ్లకి పొడవైన తలుపు, వెనక్కి జరిగిన స్తంభం రావు. అప్పుడప్పుడు నలుగురు ఎక్కే ఇంటికి ఇవి మంచి రాజీ. నిజమైన కూపేలో డ్రైవర్‌కి దొరికే చోటు కావాలనుకునేవాళ్లకి ఇవి తృప్తినివ్వవు.

వేరే దారులూ వెతికారు. మాజ్దా ఆర్ఎక్స్-8కి వెనక్కి తెరుచుకునే చిన్న అదనపు తలుపులుండేవి, ముందు తలుపు తీస్తేనే అవి తెరుచుకుంటాయి. 2011లో వచ్చిన హ్యుందాయ్ వెలోస్టర్‌కి డ్రైవర్ వైపు ఒక తలుపు, రెండో వైపు రెండు. రెండూ ఇప్పుడు తయారీలో లేవు.

ఇంత ఇష్టపడేవాళ్లుంటే కూపేలు ఎందుకు తగ్గిపోతున్నాయి?

అందుబాటు ధరలో ఉండే కూపేలే ఎక్కువగా పోయాయి, నాకు బాధ కలిగించేది అదే. హోండా అకార్డ్ కూపే 2017తో, సివిక్ కూపే 2020తో ముగిశాయి. ఆడి టీటీ 2023లో ఆగిపోయింది. మెర్సిడెస్ సీ-క్లాస్, ఈ-క్లాస్ కూపేలు రెండింటినీ కలిపి 2023లో సీఎల్ఈ అనే ఒక్క కారు చేసింది. ఎస్‌యూవీలు కొనుగోలుదారులని లాక్కుపోవడం పెద్ద కారణం. తక్కువ అమ్ముడయ్యే బాడీకి విడిగా అచ్చులు, క్రాష్ పరీక్షలు ఖర్చు పెట్టడం కంపెనీలకి గిట్టుబాటు కావడం లేదు.

అయితే సెడాన్లకీ అదే గతి పట్టింది. 2018లో ఫోర్డ్ ఉత్తర అమెరికాలో సెడాన్లన్నీ ఆపేస్తామని ప్రకటించింది. ఉంచుతామన్న కొద్ది కార్లలో మస్టాంగ్ ఒకటి. అవసరం కోసం సెడాన్ కొనేవాళ్లు ఎస్‌యూవీకి మారిపోయారు, ఇష్టంతో కూపే కొనేవాళ్లు అక్కడే ఉన్నారు. హోండా కూడా 2001లో ఆపేసిన ప్రిల్యూడ్‌ని 2025లో హైబ్రిడ్‌గా మళ్లీ తెచ్చింది.

కొనే ముందు ఏమేం చూసుకోవాలి?

గడిచిన కొన్ని నెలల్లో మీ కారు వెనక సీట్లో ఎవరు, ఎన్నిసార్లు, ఎంతదూరం కూర్చున్నారో నిజాయితీగా రాసుకోండి. ఎప్పుడో ఒకసారి అయితే కూపేతో ఏ ఇబ్బందీ ఉండదు. వారానికి చాలాసార్లు అయితే, ఇంట్లో ఇంకో కారు లేకపోతే, కొన్నేళ్లు ఆగడం మేలు.

టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కరే వెళ్లకండి. ఎక్కువగా మీతో ప్రయాణించే మనిషిని తీసుకెళ్లి వెనక సీట్లోకి ఎక్కించి దింపండి. మీరు రోజూ కారు ఆపే చోటుకి తీసుకెళ్లి పక్కన కారు ఉన్నప్పుడు తలుపు ఎంత తెరుచుకుంటుందో చూడండి. రివర్స్ చేయండి. సీటు బెల్టు అందుకోండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద కాసేపు మాట్లాడకుండా నడపండి. ఆ కాసేపట్లో మీకు కొత్తగా ఏమీ అనిపించకపోతే అదే ఇంజిన్ ఉన్న సెడాన్ తీసుకోండి, డబ్బూ మిగులుతుంది, ఇంట్లోవాళ్లూ సంతోషిస్తారు.